జీర్ణద్రవ్యకళయందు దేశకాలవైశిష్ట్యము

కృష్ణా తుంగభద్రలు కలియుచోట, కూడవెల్లి యను గ్రామమున, బాదామి చాళుక్యులనాటి సంగమేశ్వరాలయ మొకటి యుండెడిది. శ్రీశైల జలాశయమున ఆ తావు మునుగనున్నదని తెలిసిన పిమ్మట ఆలయమును రాయి రాయిగా విప్పి, ప్రతి శిలకును అంకె వేసి, అలంపురమునకు కొనివచ్చి మరల నిలిపిరి. నేడు అలంపురమునకు పోయిన యాత్రికుడు ఆ గుడిని చూచినచో అధిష్ఠానము మొదలు శిఖరము వరకు లోపమేదియు కన్పింపదు. పని చక్కగా జరిగినది. అయినను ఒక చిక్కు మిగిలినది. సంగమమునకు ఈశ్వరుడు గనుక ఆయన సంగమేశ్వరుడు. ఇప్పుడా గుడిముందర సంగమము లేదు. వైయాకరణుల మాటలో చెప్పవలెనన్న, యౌగికమైన పదము రూఢమైనది.

దీనికి ప్రతిగా మరియొక సంగమేశ్వరుని జ్ఞప్తికి తెచ్చుకొనవచ్చును. అదే జలాశయమున, కొంత దిగువన, నదికి ఆవలియొడ్డున కర్నూలు సీమలో, వేపదారువుతో చేసిన లింగమని ప్రసిద్ధిగల సంగమేశ్వరుని గుడి కలదు. అది తానున్న చోటనే నిలిచినది. ఏటిలో అధికభాగము నీట మునిగియుండి, వేసవిలో నీరు తీసినపుడు బయటపడును. అప్పుడు భక్తులు పోయి అర్చించి వత్తురు. మరల వరద వచ్చును, మరల మునుగును. మొదటి గుడి దేహమును నిలుపుకొని దేశమును కోల్పోయినది. రెండవది దేశమును నిలుపుకొని కాలమును నీటితో పంచుకొన్నది. ఈ రెండు గుళ్ళ ముచ్చటతో ప్రారంభించుటకు కారణము, ఈ వ్యాసమున వివరింపబూనిన ఆధునికకళకు దేశకాలములే ప్రాణము లగుటయే.

కూల్చిన కట్టడములనుండి ఏరితెచ్చిన దూలములు, వాసములు, తలుపులు, ఇటుకలు, రేకులు, బండలు మున్నగువానితో, ఆరుబయట ఒకానొక తావునకై ప్రత్యేకముగా, కొంతకాలముండి తొలగిపోవునట్లుగా కల్పించు కళ యది. గడచిన అర్ధశతాబ్దికి పైగా ఇది ప్రపంచమున పలుచోట్ల వ్యాపించినది. తెలుగున దీనికి పేరు ఇంకను కుదురుకొనలేదు. పత్రికలవారు 'ఇన్‌స్టలేషన్' అను మాటనే తెలుగు లిపిలో వ్రాయుచున్నారు. ఆ మాటపై నాకు వైరము లేదు. కాని అది అమర్చుట యను క్రియను మాత్రమే చెప్పును. దేనితో అమర్చిరో, ఎంతకాలమునకై అమర్చిరో చెప్పదు. వ్యవహారసౌకర్యమునకై దీనిని జీర్ణద్రవ్యకళ యందును. జీర్ణశబ్దము జీర్ణోద్ధారమను మాటలో మనకు చిరపరిచితము. అయితే ఆ రెంటి దారులును ఎదురెదురు. జీర్ణోద్ధారకుడు శిథిలభాగమును తొలగించియో సరిచేసియో కాలము చేసిన గాయమును మాపుటకు యత్నించును. ఈ కళాకారుడు ఆ గాయమునే చూపును. మేకు దిగిన బెజ్జము, సున్నము రాలిన మచ్చ, చెదలు తిన్న అంచు, పొగచూరిన నలుపు, వీనిని చిత్రికపట్టి నునుపు చేసినచో అతని పని చెడును.

ఈ కళకు నేటి ప్రతినిధులలో నొకరు మన హైదరాబాదున 1978లో జన్మించిన ఆసిం వాకిఫ్. వీరు ఢిల్లీలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో వాస్తువిద్య నభ్యసించి కళారంగమునకు వచ్చిరి. 2012లో పారిస్ నగరమందలి పాలే ద తోక్యో అను కళాభవనమున, అక్కడ పూర్వము జరిగిన ప్రదర్శనముల మిగులు సామగ్రిని చేర్చి ఒక పెద్ద కల్పన చేసిరి. 2017లో కెనడా దేశమున వాంకూవర్ ఆర్ట్ గ్యాలరీవారి ఆరుబయటి ప్రదర్శనస్థలమున 'సాల్వేజ్' అను కృతిని నిలిపిరి. కూలిపోవుదానినుండి దక్కించుకొన్న సొత్తు అని ఆ పేరునకు స్థూలముగా అర్థము. ఆ నగరమున పాత కొయ్య యిండ్లు కూలి క్రొత్త భవనములు లేచుచున్న కాలమది. కూల్చిన కట్టడముల వ్యర్థమునుండి ఏరిన చెక్కనే వారు ద్రవ్యముగా గ్రహించిరి. చుట్టును ఎత్తైన అద్దపు మేడలు, నడుమ ఆ మేడలకు చోటిచ్చి కూలిన యిండ్ల చెక్క. ఇదే కృతిని విప్పి మరియొక నగరమున, చెట్ల నడుమ నిలిపినచో చెక్క అదియే యుండును, అమరికయు అదియే యుండవచ్చును. చెప్పు మాట మాత్రము మారిపోవును. నియతకాలము ముగియగానే తీసివేయవలసిన కృతి యనునది మొదటినుండియు ఒప్పందములోనిదే.

వాస్తువిద్య నేర్చినవారు కూల్చివేతవైపు దృష్టి త్రిప్పుట యాదృచ్ఛికము కాదు. అమెరికాలో గార్డన్ మాటా-క్లార్క్ అనువారును వాస్తువిద్యార్థియే. ఆయన 1974లో న్యూజెర్సీ రాష్ట్రమున కూల్చుటకు నిర్ణయమైన ఒక యింటిని నిలువునా రంపముతో రెండుగా కోసి, ఆ చీలికగుండ వెలుతురు దిగునట్లు చేసిరి. కొలది మాసములకే ఆ యిల్లు కూల్చబడినది. మన దేశమున చండీగఢ్ శిలోద్యానమును నిర్మించిన నేక్‌చంద్ కథ అందరు నెరిగినదే. రోడ్డు ఇన్‌స్పెక్టరుగా పనిచేయుచు, నూతననగరమునకై కూల్చబడిన పల్లెల శిథిలములను సేకరించి, 1957 ప్రాంతమునుండి రహస్యముగా ఆయన సాగించిన పని 1975లో అధికారుల కంటబడెను. 1976లో ప్రజలకు తెరువబడెను. అది శాశ్వతోద్యానమైనది గనుక మన లక్షణమునకు పూర్తిగా లోబడదు. అయినను పల్లెల పగిలిన గాజులును, పింగాణీయును పల్లెలు పోయిన చోటనే మాటలాడవలె నను పట్టుదల అందు స్పష్టము. అది మెచ్చదగినది.

ఇక ఈ కళ మాటలాడు తీరు ఎట్టిది? దానిని వివరించుటకు కావలసిన పరికరములు మన అలంకారశాస్త్రముననే కలవని నా యభిప్రాయము. ఒక దర్వాజాను గోడనుండి పెరికి తెచ్చి బీటిలో నిలిపిరనుకొందము. దర్వాజాకు ముఖ్యార్థము లోనికి పోవుటకును వెలికి వచ్చుటకును త్రోవ యిచ్చుట. లోపలయు వెలుపలయు లేని తావున ఆ యర్థము పొసగదు. ఇది ముఖ్యార్థబాధ. చూచువాడు అప్పుడు దర్వాజాతో సంబంధముగల వేరొక యర్థమును, అనగా ఇంటిని, గ్రహించును. ఇది లక్షణ. అట్లు వంకరదారిన చెప్పుటకు ప్రయోజన మొకటి యుండవలెను గదా. ఆ యిల్లు లేదనుటయు, ఉండినదనుటయు, దానిని దాటి వచ్చినవారు ఎచ్చటికో పోయిరనుటయు ఆ ప్రయోజనము. అది వ్యంజనవలననే తెలియును. తరగతిలో మనము చెప్పు 'గంగలో గొల్లపల్లె' అను ఉదాహరణమున కిదే నడక. ప్రవాహమున పల్లె యుండుట పొసగదు గనుక తీరము లక్ష్యార్థము. చల్లదనము, పావనత్వము వ్యంగ్యములు.

అర్థమును వ్యంజకము గావించు వైశిష్ట్యములను లెక్కించుచు మమ్మటుడు కావ్యప్రకాశ తృతీయోల్లాసమున వక్త, బోద్ధవ్యుడు, కాకువు, వాక్యము, వాచ్యము, అన్యసన్నిధి, ప్రస్తావము, దేశము, కాలము మున్నగువానిని పేర్కొనెను. ఎవరు చెప్పిరి, ఎవరితో చెప్పిరి, ఏ గొంతుతో చెప్పిరి యనునవి ముందు వచ్చినవి. దేశకాలములు జాబితా చివర వచ్చినవి. కావ్యమునకు అది సహజమే. పుస్తకమును నల్లగొండలో చదివినను కాశిలో చదివినను పద్య మొక్కటే. జీర్ణద్రవ్యకళలో ఈ క్రమము తలక్రిందులగును. వక్త మౌనముగా నుండును. దర్వాజాకు కాకువు లేదు. చివరివగు దేశకాలములే ముందునకు వచ్చి అర్థభారమంతయు మోయును. ఈ కళను చూచి 'ఇది ఏమి చిత్రము, ఇందలి యర్థమేమి' అని అడుగువారు సాధారణముగా వస్తువును మాత్రమే చూచి, అది యెచ్చట నిలిచినది, ఎన్నాళ్ళు నిలుచును అను రెండు సంగతులను విడిచిపెట్టుచున్నారు.

దేశవైశిష్ట్యమునకు మన సీమలోనే గట్టి దృష్టాంతములు కలవు. నల్లగొండ పట్టణమునకు అంటియున్న పానగల్లున ఛాయాసోమేశ్వరాలయము ప్రసిద్ధము. 11-12 శతాబ్దులనాటి ఆ త్రికూటాలయమున ఒక గర్భగృహమందు లింగముపై పగలంతయు కదలని నీడ పడుచుండును. సూర్యుడు కదలుచుండ నీడ కదలకుండుట యెట్లని జనము అబ్బురపడుదురు. ఒక్క స్తంభపు నీడ కాదది. పలుస్తంభముల అమరికయు, వెలుతురు వచ్చు త్రోవలును కలిసి గావించిన నీడ. ఆ యాలయమును కూడవెల్లి గుడివలె విప్పి వేరొక దిక్కునకు త్రిప్పి నిలిపినచో రాళ్ళు అన్నియు వచ్చును, ఛాయ మాత్రము రాదు. ఊరికి మరియొక కొసన నున్న పచ్చల సోమేశ్వరాలయ ప్రాంగణమున మ్యూజియము కలదు. అచ్చట విడివిడి శిల్పములు వరుసగా నిలిపియున్నవి. అవి యెంత అందమైనవైనను, ఏ గోడనుండి వచ్చినవో, ఏ వాకిలివైపు చూచుచుండెడివో మనము ఊహించుకొనవలసినదే. ఛాయాసోమేశ్వరమునుండి అచ్చటికి నడచి పోయినవానికి స్థలబద్ధత యను మాటకు వేరుగ వ్యాఖ్యానము అక్కర లేదు.

ఇంతకంటె పురాతనమైనది ముడుమాల. నేటి నారాయణపేట జిల్లాలో కృష్ణానదికి చేరువ నున్న ఆ గ్రామపు పొలములలో బృహచ్ఛిలాయుగపు నిలువురాళ్ళు, పది మొదలు పదునాలుగు అడుగుల యెత్తుగలవి, ఎనుబది వరకు నున్నవి. వీని చుట్టు చిన్నరాళ్ళ వరుసలు అసంఖ్యాకములు. ఆయనములు మారునాటి సూర్యోదయాస్తమయములతో ఆ వరుసలకు పొందిక కలదని పరిశోధకులు నిరూపించిరి. ఒక రాతిపై సప్తర్షిమండలమును పోలిన గుంటలు చెక్కబడియున్నవి. 2025లో యునెస్కోవారి ప్రపంచవారసత్వపు తాత్కాలిక జాబితాలో ముడుమాల చేరినది. వేలయేండ్లు నిలిచిన రాళ్ళు 'తాత్కాలిక' జాబితాలో నుండుట నవ్వు పుట్టించును గాని, మన ప్రకృతమునకు ముఖ్యమగునది వేరు: ఆ రాళ్ళలో ఒక్కదానిని పది గజములు జరిపినను దాని యర్థము పోవును. రాయి బరువు టన్నులలో నుండవచ్చును. అర్థము మాత్రము ఆ పది గజములలో నున్నది.

కాలవైశిష్ట్యమునకు గుడులవైపు గాక వీధులవైపు చూడవలెను. భాద్రపద బహుళపక్షమున, బతుకమ్మకు ముందుగా, తెలంగాణపు పల్లెలలో కన్నెపిల్లలు బొడ్డెమ్మను నిలుపుదురు. పుట్టమన్ను తెచ్చి, తడిపి, మెత్తి, అంతస్తులు అంతస్తులుగా గద్దె కట్టి, జాజుతో అలికి, ముగ్గు పెట్టి, పూలు పేర్చుదురు. జాజును ముగ్గును ఇంటి గోడకు, గడపకు వాడునవే. అనగా ఇల్లు కట్టు ద్రవ్యమే, ఇల్లు అలంకరించు ద్రవ్యమే, తొమ్మిదినాళ్ళకై చిన్న రూపమున వాకిట నిలుచుచున్నది. పదవనాడు గద్దె యుండదు. మన జానపదవిజ్ఞానమున బొడ్డెమ్మ పాటలపై నిలిచిన దృష్టి ఆ మట్టిగద్దెపై నిలువలేదని నాకు తోచుచున్నది. పాటను కాగితముపై దింపవచ్చును, గద్దె దిగదు. ఆ యూరి మన్నుతో, ఆ వాకిటి కొలతతో చేసినది గనుక మరియొక యూరికి పోదు. ఏటేట తిరిగి చేయుదురు, ఏటేట చెరుపుదురు. చెరుపుటకు విచారించు పిల్ల నెవరును చూచియుండరు. తాత్కాలికకళ పాశ్చాత్యుల విపరీతబుద్ధి యని ఆక్షేపించువారు ఈ గద్దెను ఒకసారి తలచుకొనవలెను.

అయితే బొడ్డెమ్మకును మనము చెప్పుకొను జీర్ణద్రవ్యకళకును ఒక పెద్ద భేదము కలదు. బొడ్డెమ్మ మరల వచ్చునని తెలిసి చెరుపుదురు. కూలిన యిల్లు మరల రాదు. ఈ భేదము మన సీమలో ఎంత లోతైనదో తెలియవలెనన్న 1981 సంవత్సరమునకు పోవలెను.

శ్రీశైల జలాశయపు పూర్తి నీటిమట్టము 885 అడుగులు. ఆ మట్టమునకు లోబడిన భూమిలో కృష్ణకు ఇరుప్రక్కల, మహబూబునగరు, కర్నూలు జిల్లాలలో నూరింటికి దగ్గరగా గ్రామము లుండెడివి. 1981 వేసవిలో ఆ గ్రామములలోని యిండ్లు కూల్చివేయబడినవి. ఆ చర్యకు 'ఆపరేషన్ డిమాలిషన్' అను పేరు ప్రచారములోనికి వచ్చినది. లక్షమందికి పైగా నిర్వాసితులైరి. అలంపురము, కొల్లాపురము తాలూకాల వృద్ధులు నేటికిని ఆ వేసవిని పేరు పెట్టక 'అప్పుడు' అని మాత్రమే చెప్పుదురు. అదే జలాశయమునుండి దేవుళ్ళ యిండ్లు అంకెలు వేసికొని పైకి వచ్చినవి. కూడవెల్లి గుడి వచ్చినది. పాపనాశి యాలయములు ఇరువదిమూడు వచ్చినవి. సోమశిల గుడులు గట్టెక్కినవి, జటప్రోలు మదనగోపాలస్వామి గుడి గట్టెక్కినది. అవి దక్కుట మంచిదే. దక్కించిన నిపుణుల శ్రమకు మన మందరము ఋణపడియున్నాము. మనుజుల యిండ్ల కొయ్యకు, బండకు ఎవరును అంకె వేయలేదని మాత్రము చెప్పక తప్పదు. మట్టిమిద్దెకు అంకె వేయుట యెట్లు? మన్ను మన్నులో కలిసినది. కొయ్య బండ్ల కెక్కినది. నీరు వచ్చినది.

'గంగలో గొల్లపల్లె' యను వాక్యమును బోధించునపుడెల్ల నాకు ఒక యిబ్బంది కలుగుచుండును. కొల్లాపురము వైపునుండి వచ్చిన విద్యార్థి తరగతిలో నున్నచో, నదిలో పల్లె యుండుట ఆతనికి అసంగతముగా తోచదు. వాళ్ళ తాతగారి ఊరు నదిలోనే యున్నది. ముఖ్యార్థమునకు బాధ లేదు. లక్షణ యెట్లు పుట్టును?

ఈ వ్యాసకర్త మాతామహుల యిల్లు అట్టి పల్లెలలో నొకదానిది. అప్పటికి నేను పుట్టలేదు. మా అమ్మమ్మ నోట పలుమారులు విన్నది వ్రాయుచున్నాను. కూల్చిన యింటినుండి మావారికి దక్కినవి రెండు దూలములు, కొన్ని వాసములు, తలుపురెక్కలతో కూడిన ఒక దర్వాజా. బండిపై మిట్టకు చేర్చిరి. క్రిందపడవైచినచో చెదలు పట్టునని దర్వాజాను రెండు బండల నడుమ నిలువబెట్టి, వేపచెట్టునకు మోకుతో కట్టిరట. దాని వెనుక కొంతదూరమున గుడిసె. గుడిసెలోనికి పోవు త్రోవ వేరు. అయినను అమ్మమ్మ శుక్రవారము తప్పక ఆ గడపకు పసుపు రాచి, బొట్లు పెట్టి, ముందర ముగ్గు వేసెడిది. గడపపై పిల్లలను కూర్చుండనిచ్చెడిది కాదు. చుట్టును ఖాళీ, ఎటునుండియైనను రావచ్చును. కాని ఇంటికి వచ్చిన బంధువులు చెట్టు చుట్టు తిరిగి ఆ దర్వాజా ముందరికే వచ్చి చెప్పులు విడిచెడివారట. బుడబుక్కలవాడు సైతము అచ్చటనే నిలిచి పిలిచెడివాడట. రెండేండ్లు అట్లు గడచినవి. మూడవయేట గోడలు లేచి దర్వాజా వానిలో కలిసిపోయినది. ఆ పిమ్మట అందరును దానిగుండ నడచిరి గాని దానివైపు చూచినవారు లేరని అమ్మమ్మ అనెడిది.

దానిని కళ యని అమ్మమ్మ యనలేదు. నేనును అనను, ఆమె కష్టమునకు కళ యను బిరుదు తగిలించుట అమర్యాద. కాని ఆ రెండేండ్లు ఆ కొయ్య చెప్పుచుండిన మాట యేదో కలదు. గోడ లేనంత వరకు చెప్పినది, గోడ రాగానే మానినది. కావ్యప్రకాశము చదువుటకు ముందే వ్యంజన యనగా నేమో నాకు కొంత తెలిసినచో అది ఆ దర్వాజా కథవలననే. వాంకూవరులో ఎత్తైన మేడల నడుమ నిలిచిన చెక్కయు, పాలమూరు మిట్టపై వేపచెట్టునకు కట్టిన దర్వాజాయు ఒక్క వ్యాపారముతోనే అర్థమిచ్చుచున్నవి. మొదటిది బుద్ధిపూర్వకము, రెండవది అవసరకృతము. ఈ భేదమును చిన్నదిగా చేయరాదు.

ఇచ్చట ఒక గంభీరమైన ఆక్షేపము నెదుర్కొనవలెను. ఒకరి యిల్లు కూలిన కొయ్యను మరియొకరు చూచి ఆనందించుట న్యాయమా? కరుణము రసమగుటకు సాధారణీకరణము కావలెనని మన శాస్త్రము. దుఃఖము ఫలానావానిదిగా నున్నంత వరకు రసము పుట్టదు. అభినవగుప్తుడు రసవిఘ్నములను లెక్కించుచు, ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖములలో మునిగియుండుటను ఒక విఘ్నముగా చెప్పెను. ఆ లెక్కన ఇల్లు పోగొట్టుకొన్నవాడు తన యింటి వాసముతో కట్టిన కల్పన ముందు నిలిచినపుడు ఆతనికి రసానుభవము కలుగదు. కలుగవలెనని కోరుటయు తప్పే. ఆతడు కొయ్యను గుర్తుపట్టును, నిమురును, ఇది మా పశులకొట్టము వాసమనును. ఆతనిప్రక్క నిలిచిన పరాయివానికి కలుగు అనుభవము వేరు. ఈ యిద్దరు ప్రేక్షకులు ఒక్క తావున నిలుచుట ఈ కళకు ప్రత్యేకమైన సంగతి. నాటకశాలలో రాముడు వచ్చి కూర్చుండడు. ఇచ్చట సొత్తుదారుడు రావచ్చును. రావలెననియే నా మతము. రాని చోట, అనగా కూలిన పల్లెకు వందల మైళ్ళ దూరమున ఏ నగరపు తోటలోనో నిర్వాసితుల దర్వాజాలను నిలిపినచో, దేశవైశిష్ట్యము పోయి వింతవస్తువు మిగులును. అట్టి పనిని నేను సమర్థింపజాలను.

సొత్తు మాటయు కలదు. కూల్చివేత వ్యర్థము నగరములలో కాంట్రాక్టరు చేతికి పోవును. దానిని ఏరుకొన్న కళాకారుడు ఎవరిని అడుగవలెను? ముంపు పల్లెలో దానికి సొంతదారు కన్పించుచునే యుండును. వాసము ఆతనికి స్మారకము కాదు, రేపటి కప్పు. దానిని కొంతకాలమునకై అడిగి తెచ్చుకొని, మరల చెడకుండ ఇచ్చివేయునట్టి అమరిక అయినపుడే ఈ కళకు మన సీమలో మర్యాద యుండును. తాత్కాలికత యను లక్షణము అప్పుడు కేవలము సిద్ధాంతముగా నుండక వ్యవహారమగును. మేకు కొట్టక మోకుతో కట్టుట, కోయక ఆనించి నిలుపుట, సిమెంటుతో పాతక రాళ్ళ నడుమ బిగించుట, ఈ పద్ధతులు అన్నియు ద్రవ్యమును తిరిగి యిచ్చుటకు వీలుగా నుండునవి. రాచకొండ కోటగోడలలో సున్నము లేక రాతిపై రాతిని బిగించిన పనితనమును చూచినవారికి ఇట్టి కూర్పు అసాధ్యమని తోచదు. పాలమూరు కూలీలు దేశమంతట ఆనకట్టలును మేడలును కట్టినవారు. పైకెత్తుట, నిలుపుట, విప్పుట వారికి నేర్పవలసిన విద్యలు కావు.

ఈ కళ తొలగిపోయిన తరువాత మిగులునది ఛాయాచిత్రము. పరిశోధకుడు తరచుగా దానినే కృతిగా భ్రమించును. ఛాయాచిత్రమున కృతి కూడవెల్లి గుడివలె నుండును: దేహము వచ్చినది, సంగమము రాలేదు. కావున ఇట్టి కృతిని గూర్చి వ్రాయబూనినవారు అది నిలిచిన తావును, ముఖము చేసిన దిక్కును, నిలిచిన దినములను, ఒక్కొక్క కొయ్య ఎవరి యింటినుండి వచ్చినదో ఆ వివరమును, తిరిగి ఎచ్చటికి పోయినదో దానిని కూడ గ్రంథస్థము చేయవలెను. వస్తువు కొలతలు, రంగులు పిమ్మట వ్రాసికొనినను నష్టము లేదు.

తెలుగు శాఖవారికి ఇందు మరియొక పని కలదు. ఇది మన సొంతపని. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటమును, వ్యవసాయపదములకు సంబంధించినదానిని, భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వెలువరించిరి. గృహనిర్మాణపదములకును తరువాత ఒక సంపుటము వచ్చినది. అట్లు సేకరించిన పదములలో నేడు ఎన్నిటికి వస్తువు మిగిలియున్నది? నిట్రాడు, వెన్నుగాడి, దంతె, చూరు, మిద్దెపై పరచు చవుడు, మిద్దెకప్పున వెలుతురు దిగు గవాక్షి, ఈ మాటలు కాంక్రీటు కప్పు క్రింద పుట్టి పెరిగిన విద్యార్థికి నిఘంటుపదములే. ఇల్లు విప్పునపుడు మాత్రము ఇవి ఒక్కసారి అన్నియు నోటికి వచ్చును. ఏది ముందు తీయవలెనో, ఏది పట్టుకొని ఏది వదలవలెనో వడ్రంగి కేకలు వేసి చెప్పును. కట్టునాటి పదములకంటె విప్పునాటి పదములు ఎక్కువగా దొరకునని నా యనుభవము. కట్టుట నెలలు పట్టును, విప్పుట ఒక పూట.

ఆ పూట మన సీమలో ఇంకను గడచిపోలేదు. 2015లో శంకుస్థాపన జరిగిన పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకమున జడ్చర్ల చేరువ ఉదండాపూర్ జలాశయము క్రింద ఉదండాపూర్, వల్లూరు గ్రామములు ముంపునకు వచ్చినవి. అట్టి పల్లెలకు పరిశోధక విద్యార్థులు నోటుపుస్తకముతో పోవలసిన సమయ మిది. కళాకారుడు తోడుగా వచ్చినను రాకున్నను సరే, కొయ్య బండి కెక్కుటకు ముందే, దాని పేరేమని, అది ఏ గదిపై నుండెడిదని ఇంటివారిని అడిగి వ్రాసికొనవలెను. కలప అడితికి చేరిన తరువాత వాసమునకు, దంతెకు, దూలమునకు భేద ముండదు. అన్నియు అడుగుల లెక్కన అమ్ముడుపోవును.